ముందు గోడ

కాలరు మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆన్చింది. ఆవిరి ముఖానికి కొట్టింది. కాలరు తర్వాత భుజాలు, భుజాల తర్వాత చేతులు, చివరికి వీపు. పెళ్ళిళ్ళకు వెళ్ళే చొక్కాలైనా, చావుకు వెళ్ళే చొక్కాలైనా అదే వరుస. మణికట్టు దగ్గర ఎప్పుడో కాలిన మచ్చ పుట్టుమచ్చలా చర్మంలో కలిసిపోయింది. వీధిలో అందరికీ ఆమె ఇస్త్రీ అక్క. చిట్టీ అని పిలిచే మనిషి అన్నయ్య ఒక్కడే మిగిలాడు.

ఆ రోజు గ్యాలరీలో ఆమె వంతు. పెట్టె చల్లారబెట్టి, తాళంచెవి కొంగున ముడేసుకుని బయల్దేరింది.

గ్యాలరీ అంటే పెద్ద భవనమేమీ కాదు. వీధి వైపు నిలువెత్తు గాజు కిటికీ ఉన్న పాత సామాన్ల కొట్టు. సైన్‌బోర్డులు రాసే అన్నయ్య, ఇంకొందరు కలిసి దాన్ని అద్దెకు తీసుకుని బొమ్మలు పెట్టుకునే చోటుగా మార్చారు. యజమాని అంటూ ఎవరూ లేరు. సభ్యులే ఊడుస్తారు, సభ్యులే మేకులు కొడతారు, ఏ మాటైనా చేతులెత్తి తేల్చుకుంటారు. ఆమె బొమ్మలు వెయ్యదు. ఊడ్చే చేతులూ కావాలి కదా అని అన్నయ్య ఆమెనూ సభ్యురాలిని చేశాడు.

గాజు కిటికీకి ఎదురుగా ఉన్నది ముందు గోడ. మొదటి రోజు నుంచీ దాని మీద అన్నయ్య బొమ్మలే. ఏడు బొమ్మలు, ఏడింట్లోనూ ఒకే మనిషి. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి చూస్తున్న అమ్మ. చిట్టీకి ఇంకా మాటలు సరిగా రాని వయసులో అమ్మ "ఇప్పుడే వస్తా" అని వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

"ఈ దారిన పోతే తన ముఖం తను గుర్తుపట్టదా? లోపలికొస్తుంది," అనేవాడు అన్నయ్య.

ఒక్కో బొమ్మలో ఒక్కో ముఖం. ఆమెకు అమ్మంటే ఆ ఏడుగురే. వాళ్ళలో అసలు అమ్మ ఎవరో తెలియదు. దుమ్ము తుడుస్తూ ఆ కళ్ళ దాకా వచ్చేసరికి చెయ్యి దానంతటదే తేలికయ్యేది.

కొత్తగా చేరినవాళ్ళు చోటు దొరక్క మానేసి పోతుండేవారు. ముందు గోడను నెలకొకరికి ఇద్దామన్న మాట వచ్చినప్పుడల్లా అందరూ నేల చూపులు చూసేవారు. అన్నయ్య మంచాన పడ్డాక, "మాస్టారు ఉన్నన్నాళ్ళు ఉండనిద్దాం, తర్వాత చూద్దాం," అన్నాడు ఆ ఏటి అధ్యక్షుడు, పళ్ళ డాక్టరు. తర్వాత అంటే ఏమిటో గదిలో అందరికీ తెలుసు.

"గోతికాడ నక్కల్లా కాచుకుని కూర్చుందామా?" అంది ఆమె. గోడ ఇప్పుడే ఖాళీ చేద్దామని ముందుగా లేచిన చెయ్యి ఆమెదే.

మేకులు పళ్ళ డాక్టరే పీకాడు. "నొప్పి తెలియలేదు కదమ్మా?" అని గోడను అడిగితే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. బొమ్మల్ని పాత దుప్పట్లలో చుట్టి వెనక గదిలో పెట్టింది. నెల దాటింది, అన్నయ్యకు మాత్రం చెప్పలేదు. రోజూ సాయంత్రం గోడ ఎలా ఉందని అతను అడుగుతాడు. రోజూ "అలాగే ఉంది" అంటుంది.

ఆ రోజు షట్టరు ఎత్తి లోపలికొచ్చింది. ముందు గోడ నిండా, ఈ నెల వంతు వచ్చిన కొత్త సభ్యుడు, ఒక బస్సు డ్రైవరు కుట్టిన బొంతలు వేలాడుతున్నాయి. గోడకు రెండు పూతలు రంగు వేశారు. అయినా వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు బొంతకీ బొంతకీ మధ్య పాత చట్రాల అంచులు నీళ్ళలోంచి తేలినట్టు తేలుతున్నాయి. వీపు అటు తిప్పి ఊడ్చింది. ఎవరో చూస్తున్నట్టే ఉంది. తిరిగి చూస్తే బొంతలే.

మధ్యాహ్నం డ్రైవరు యూనిఫారంలోనే వచ్చాడు.

"అక్కా, నేను సూది పడితే మా ఆవిడ ఇన్నాళ్ళూ నవ్వేది. నిన్న వాళ్ళక్కను కూడా తీసుకొచ్చి చూపించింది." వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "మాస్టారు ఏమన్నారు?"

"ఏమంటాడు," అని చీపురు మూల పెట్టింది.

అతను వెళ్ళిన కాసేపటికి గాజుకు అవతల ఒక ముసలామె ఆగింది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి చూసింది. ఇస్త్రీ అక్క తలుపు తోసుకుని పరుగున బయటికొచ్చింది.

"బొంతలు అమ్ముతారామ్మా?" అంది ముసలామె. వయసు మహా అయితే తనంత.

అన్నయ్యను పిచ్చివాడనుకుంటూ తనూ ఇన్నేళ్ళూ కాచుకునే ఉందని అప్పుడు తెలిసింది. షట్టరు దించేసింది.

అన్నయ్య గది మేడ మీద. అతన్ని చూసుకునే ఆయా పాలగ్లాసు ఆమె చేతికిచ్చి కిందికి వెళ్ళింది.

"గోడ ఎలా ఉంది చిట్టీ?"

"బొమ్మలు తీసేశాం అన్నయ్యా. నేనే ముందు చెయ్యెత్తాను."

అతని చూపు పైకప్పు మీదే ఉంది. "ఎవరివి పెట్టారు?"

"ఒక బస్సు డ్రైవరువి. బొంతలు కుడతాడు. అంతా ఎరుపే. నువ్వు చూస్తే తిడతావు."

అతని పెదవి కొస కదిలింది. "ఇన్నేళ్ళలో ఎప్పుడో వచ్చి చూసే ఉంటుంది లేవే. చూసి వెళ్ళిపోయుంటుంది."

"లోపలికి రాకుండానా?"

"మనం పెద్దవాళ్ళమయిపోయాం కదా. సిగ్గుపడి ఉంటుంది."

ఆమె దగ్గరికి జరిగింది. "ఆ ఏడింట్లో అమ్మ ఏది?"

"మొదటిదే, అదీ కాస్త. ఆ తర్వాత నాకు గుర్తులేదు. నీ ముఖం చూసే వేశాను. నీకు వయసొచ్చేకొద్దీ."

ఏళ్ళ తరబడి తను గుడ్డ పెట్టి తుడిచిన కళ్ళు ఎవరివో ఆమెకు అర్థమైంది. రెండు చెంచాలు పాలు పట్టింది. అతను కిటికీ వైపు ఒత్తిగిల్లి కళ్ళు మూసుకున్నాడు. ఆమె అతని పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దసాగింది. కింద వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. జీవితమంతా వేడిని చూసిన అరచెయ్యి. ఆ పాదాల్లోంచి వేడి ఎప్పుడు తగ్గడం మొదలైందో, ఎప్పుడు ఆగిందో దానికే ముందు తెలిసింది. అయినా మరికాసేపు రుద్దుతూనే ఉంది.

తర్వాత లేచి దిండు సరిచేయడానికి వంగింది. ఆమె చెంప అతని చెంప ఎత్తుకు వచ్చింది. కిటికీ ఊచకు దారంతో వంచి కట్టిన చిన్న అద్దం కనిపించింది. గడ్డం గీసుకోవడానికి కట్టించుకున్నాడని ఇన్నాళ్ళూ అనుకుంది. దిండు మీది నుంచి చూస్తే అందులో కింది వీధి, బస్సు స్టాపు, దిగుతున్న ఒక్కొక్కరి ముఖం.