పోసవ్వ అల్మార

తెల్లారితే చాలు, పోసవ్వకు ఎలుకలతో కొట్లాట. ఉట్టి మీది రొట్టెలు కూడా దక్కేవి కావు. విసిగిపోయి ఆమె మగడు వెంకట్రాములు వడ్రంగి ఆశన్నను పిలుచుకొచ్చాడు. ఆశన్న వంటింటి మట్టిగోడను మూరెడు లోతు, బారెడు వెడల్పు తొలిచి, టేకు చట్రం నిలబెట్టి, సందుల్లో సున్నం కూరి, పలకలు అమర్చి, తలుపులు బిగించి అల్మార చేశాడు.

"ఇగ ఎలుకల ఫికర్ లేదు వదినే," అన్నాడు.

ఎలుకలే కాదు, కాలం కూడా అందులోకి దూరలేదు. పొద్దున పితికిన పాలు సాయంత్రానికీ నురుగుతోనే ఉండేవి. గోడ మంచిదన్నారు బాన్సువాడ జనం. పక్కింటి రహీమున్నిసా, పర్భణీ పోయిన కొడుకు కోసం వండిన సేమ్యాను అతనొచ్చేదాకా అక్కడే వేడివేడిగా దాచుకుంది.

ఆ వానాకాలం పోసవ్వ పెద్దబిడ్డ, నాలుగేళ్ల గంగుకు జ్వరమొచ్చి ఊపిరి అందకుండా పోయింది. చిన్నది లచ్చు ఇంకా పాకుతోంది. దవాఖాన డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు.

"దీనికింక మందు పుట్టలేదమ్మా."

"పుడుతదా?"

"ఎన్నడో ఒకనాడు పుడుతది."

పోసవ్వ ఇంటికొచ్చి, అల్మార నడిమి పలక ఊడబీకి, బొంత పరిచి, 'అవ్వా' అని తన కొంగు పట్టుకున్న గంగును పడుకోబెట్టి గొళ్లెం పెట్టింది.

ఏళ్లు గడిచి, ఊరికి కాలువ నీళ్లొచ్చాయి. చెరుకు బండ్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దారి పట్టాయి. పోసవ్వ ఆ తలుపులకే వీపానించి బియ్యం ఏరేది, లచ్చుకు జడ వేసేది. చెయ్యి గొళ్లెం మీదికి పోయేది. తెరిస్తే బిడ్డకు ఒక ఊపిరి ఖర్చవుతుందని వెనక్కి తీసుకునేది. వెంకట్రాములు చావుమంచం మీద "ఒక్కసారి చూపియ్యవే" అని బతిమాలాడు. ఆమె తెరవలేదు. ఆ తర్వాత చాన్నాళ్లు ఆమెకు అన్నం సయించలేదు.

పెద్ద యుద్ధం ముగిశాక కొత్త సూదిమందు వచ్చిందని తెలిసి, పోసవ్వ డాక్టరును ఇంటికే పిలుచుకొచ్చింది. ఈయన వేరే డాక్టరు, కుర్రవాడు.

"ఎన్ని దినాల సంది జ్వరం?"

"తలుపు తీస్తే ఇయ్యాల్టిదే సారూ."

సరేనని తలూపి ఆయన సూది సిద్ధం చేసుకున్నాడు. పోసవ్వ గొళ్లెం తీసింది. ఆ రోజంతా, మరునాడంతా సూదులు వేస్తూనే ఉన్నాడు. ఆ మర్నాటి పొద్దున గంగు ఒళ్లు చల్లబడి, చెమట పట్టింది. కళ్లు తెరిచింది.

ఎదురుగా తల నెరిసిన పోసవ్వ. పక్కన లచ్చు, పదహారేళ్ల పిల్ల, అచ్చం ఒకప్పటి పోసవ్వలాగే ఉంది. గంగు పోసవ్వను ఎవరో ముసలమ్మను చూసినట్టు చూసి, లచ్చు వైపు చేతులు చాచింది.

"అవ్వా, ఆకలైతుంది."

లచ్చు బిత్తరపోయి తల్లి ముఖంలోకి చూసింది.  పోసవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గట్ల జూస్తవేందే? ఎత్తుకో," అంది.

లచ్చు వంగి, అక్కను చంకనెత్తుకుంది.