ఇంట్లో ఎలా ఉంది?

మా తమ్ముడు వడ్రంగి. ఏళ్ల తరబడి రంపం మిషన్ దగ్గర నిలబడి చెవులు రెండూ పాడుచేసుకున్నాడు. మొండితనంలో మాత్రం మా నాన్నకే తాత. మరదలు పోయాక పనికి వెళ్లడం మానేశాడు, బీపీ మాత్రలూ మానేశాడు. "వేసుకుని ఎవర్ని ఉద్ధరించాలి?" అన్నాడొకసారి. అప్పుడర్థమైంది నాకు. నన్ను నొప్పించకుండా మెల్లగా చావాలని చూస్తున్నాడు, వెధవ.

మనసు డాక్టరు దగ్గరికి వెళ్దామంటే "నాకేమన్నా పిచ్చా?" అని ఇల్లు పీకి పందిరేశాడు. ఉత్త బీపీ పరీక్షేనని అబద్ధమాడి వీధి చివరి క్లినిక్‌కి లాక్కెళ్లాను.

నర్సు వాడి చేతికి బీపీ పట్టీ చుడుతూ, "ఒంట్లో ఎలా ఉంది బాబాయ్?" అంది.

"ఇంట్లోనా?" అన్నాడు మా చెవిటి మహానుభావుడు. "ఇంట్లో ఎవరున్నారమ్మా!"

అని, భోరుమన్నాడు. మరదలు పోయిన రోజు కూడా ఏడవని మనిషి.

ఆమె అడిగింది అది కాదురా అని చెప్పబోయాను. నర్సు కళ్లతోనే నన్ను ఆపేసింది. పట్టీ విప్పి, స్టూలు దగ్గరికి లాక్కుని, గట్టిగా, "అవును బాబాయ్, ఇంట్లోనే. చెప్పండి," అంది. నర్సు అంతా విని పిలిస్తే డాక్టరమ్మ వచ్చి, పక్క గదిలో కూర్చునే కౌన్సెలర్ దగ్గరికి వాణ్ణి తనే నడిపించుకెళ్లింది. వేరే ఆసుపత్రి లేదు, మనసు డాక్టరని బోర్డూ లేదు. అదీ బీపీ పరీక్షే అనుకున్నాడేమో, గొణగకుండా వెళ్లాడు.

అప్పట్నుంచి వారం వారం వెళ్తున్నాడు. మాత్రలు వేసుకుంటున్నాడు. చెవికి మిషన్ కూడా వాళ్లే పెట్టించారు. కొన్ని రోజులు పనికి వెళ్తాడు, కొన్ని రోజులు గోడకేసి చూస్తూ కూర్చుంటాడు.

మొన్న నర్సు అలవాటుగా "ఒంట్లో ఎలా ఉంది?" అంది. ఈసారి సరిగ్గానే విన్నాడు.

"ఒంట్లో బానే ఉందమ్మా. ఇంట్లో అడుగు."

"ఇంట్లో ఎలా ఉంది బాబాయ్?"

"వంటింటి తలుపు చిత్రిక పట్టాను. వడ్రంగి ఇంట్లో తలుపు పట్టేస్తోందని మీ పిన్ని జీవితమంతా దెప్పింది." నవ్వబోయాడు. "ఇప్పుడు వేలితో తోస్తే తెరుచుకుంటోంది. చప్పుడే లేదు."

"మంచిదేగా!"

"చెవికి ఈ మిషన్ లేనప్పుడు ఇంట్లో నాకు వినబడింది ఆ చప్పుడొక్కటే. బర్రుమని నేలకు రాసుకుందంటే ఆవిడ వస్తోందని తెలిసేది."

నర్సు చేతిలో పట్టీ అలాగే ఉండిపోయింది. వాడే చెయ్యి చాపాడు, చుట్టమని.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "వచ్చేవారం కూడా అదే అడుగమ్మా," అన్నాడు.

నేనప్పుడు ఏడ్చాను.