చీకట్లో రెండు మీటలు

ఆగస్టు పద్నాలుగు, గురువారం. ఆ పొద్దున ఎస్సిల్ఫీ మాస్టారు పులిసిన మొక్కజొన్న పిండితో వండిన ఒక కెంకే ముద్దను మిరప పచ్చడితో, వేయించిన చేపతో పూర్తిగా తిన్నారు. భార్య ఎకువా పోయిన ఆరు వారాల్లో పళ్లెం ఖాళీ చేయడం అదే మొదటిసారి. చెయ్యి కడుక్కుని నేరుగా తమ తీరపు ఊరు సాల్ట్‌పాండ్ బజారులోని అరబా టైపింగ్ కొట్టుకు వచ్చారు. అక్కడి ఆనవాయితీ ప్రకారం ఇన్ని వారాలు ఆగి, ఈ శనివారం ఖననం. వచ్చినవాళ్లకు పంచే నివాళి పుస్తకం సాయంత్రం ఆరున్నరకల్లా ప్రెస్సుకు చేరాలి.

భర్త మాట లేకుండా ఆ పుస్తకం ఎవరూ వేయరు. కాగితం ముందు పెట్టుకుంటే మాస్టారి కలం కదల్లేదు. అందుకే నోటితో చెబుతుంటే అరబా టైపు చేసింది. క్లాసులో పేపర్లు దిద్దుతూ మాస్టారు కునికితే, పిల్లలు చూడకముందే ఆయన్ను లేపాలని, అప్పట్లో పక్క క్లాసు టీచరైన ఎకువా కిటికీ దగ్గర రెండుసార్లు దగ్గేది. ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పని ఆ సంగతి కూడా చెప్పారు.

చెప్పడం ముగిసేసరికి సాయంత్రం నాలుగు దాటింది.

"భర్త మాట ముందుండాలి మాస్టారూ, చివర కాదు" అంటూ అరబా ఆ రెండు పేజీలనూ కంట్రోల్ ఎక్స్‌తో కట్ చేసింది. బల్బు మినుకుమంది. కరెంటు పోయే ఊళ్లో టైపు నేర్చిన చెయ్యి అది. దానంతటదే కంట్రోల్ ఎస్ నొక్కేసింది. ఎక్కడ పెట్టాలో చూద్దామని, కంప్యూటర్లోనే నమూనాగా తెరిచి ఉంచిన పాత పుస్తకం ఫైలుకు మారబోయింది. అది పోయిన నెల ఖననం చేసిన చేపల వ్యాపారిది. అంతలో మానిటర్ నల్లబడింది.

"పోనీలే, సేవ్ చేశావుగా" అంది, దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చి కూర్చున్న బసీవా ఆంటీ.

"చేశాను ఆంటీ. మాస్టారి మాటలు తీసేశాక చేశాను." అరబా బల్ల కిందికి వంగి చూసింది. "కట్ చేసినవి ఇంకా ఎక్కడా పెట్టలేదు. ఈ సీపీయూ డబ్బా ఆరితే అవీ పోతాయి."

బల్ల కింద యూపీఎస్ కూతపెడుతోంది. పాత బ్యాటరీ, నిమిషం కూడా ఆగదు. డబ్బాకైతే ఆ కాస్త దన్నుంది, మానిటర్‌కు అదీ లేదు.

"మళ్లీ చెప్పగలరా మాస్టారూ?"

మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"రెండు పుస్తకాలు తెరిచున్నాయి. దేంట్లో ఉన్నానో తెలీడం లేదు" అంది అరబా.

"ఏదైతేనేం తల్లీ, ఎక్కడో ఒకచోట దించు" అన్నారు మాస్టారు.

అరబా వేళ్లతో తడుముకుంది. కంట్రోల్. వి.

"స్క్రీనే లేదు, ఏం కొడుతున్నావే? చర్చిలో ఆర్గాన్ అనుకున్నావా?" అంది ఆంటీ.

"నీకు దండం ఆంటీ, కాసేపు మాట్లాడకు!"

కంట్రోల్. ఎస్. కూత ఒక్కటే మోతై, ఆగిపోయింది.

ఆంటీ లేచింది. తన ముక్కాలిపీటను మాస్టారి వైపు నెట్టి, తాను గోడకు ఆనుకుని నిలబడింది.

ఆరుకు పది నిమిషాలుండగా కరెంటు వచ్చింది. అరబా ఎకువా పుస్తకం తెరిచింది. భర్త మాట ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ.

"క్షమించండి మాస్టారూ..."

"ఆ రెండోది కూడా చూడమ్మా."

చేపల వ్యాపారి పుస్తకంలో, ఆయన కోసం వేసిన చర్చి పాట కింద, రెండు పేజీలూ పొల్లుపోకుండా ఉన్నాయి. ఎకువా దగ్గుతో సహా.

"చూశావా మాస్టారూ!" ఆంటీ పగలబడి నవ్వింది. "బతికుండగా ఎవరికీ చిరిగిన వల కూడా ఇవ్వని మనిషి, చచ్చాక నీ సామాను దాచిపెట్టాడు!"

ఏడుస్తూనే నవ్వింది అరబా. ఈసారి కట్ చేయలేదు, కాపీ చేసింది. ముందు పేజీలో అతికించి, రెండుసార్లు సేవ్ చేసి, పెన్‌డ్రైవ్ పట్టుకుని ప్రెస్సుకు పరుగెత్తింది.

మాస్టారు ఇల్లు చేరేసరికి, ఖననానికని దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చిన మనవలు చాపల మీద అప్పుడే నిద్రపోయారు. ఆయన వాళ్లను లేపకుండా లోపలికి వచ్చి, గడియ చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని, వీధి తలుపు మెల్లగా మూశారు.