ప్రార్థన కొట్టేసిన తీర్మానం

డెబ్భైలో మా కాలేజీ మళ్ళీ తెరిచాక, నాతో మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండేవాళ్ళు మా క్లాసు పిల్లలు. అంతకుముందు ఏడాది తెలంగాణ ఉద్యమంతో చదువులు ఆగిపోయాయి. మా నాన్న మల్లేశ్వరరావు సెక్రటేరియట్‌లో గుమాస్తా, హిమాయత్‌నగర్‌లో మా కాపురం. భయపడి మమ్మల్ని కొన్నాళ్ళు ఆంధ్రాలో అమ్మమ్మ దగ్గరికి పంపేశాడు. తిరిగొచ్చేసరికి నేను 'ఆంధ్రా శశికళ'నైపోయాను. ఐదేళ్ళ పిల్లగా వచ్చి, పాలపళ్ళు కూడా ఇక్కడే ఊడగొట్టుకున్న దాన్ని! ఒళ్ళు మండిపోయేది నాకు.

నాన్న మాత్రం తేల్చి చెప్పేశాడు. "అబిడ్స్‌లో మీ సభేదో అవుతుందన్నావుగా, అందాకా చూస్తానమ్మా. నీ పక్కన నిలబడే మనిషి ఒక్కరైనా నాకు కనబడకపోతే, టీసీ తీసుకుని గుంటూరులో మీ అత్తయ్య దగ్గర ఉండి చదువుకుందువుగాని."

ఆ సభ మా వామన్‌రావు సారు పెట్టిన ఉత్తుత్తి ఐక్యరాజ్యసమితి. ఒక్కొక్కరం ఒక్కో దేశం. సమస్య కూడా ఆయన కల్పించిందే. గొడవలకు జడిసి ఒక దేశపు జనం పక్క దేశానికి పారిపోయారు, ఇప్పుడు తిరిగి వెళ్తామంటున్నారు. వాళ్ళకు ఆశ్రయమిచ్చిన దేశం నాకొచ్చింది. వాళ్ళు వదిలొచ్చిన దేశం అహల్యకొచ్చింది. ముసాయిదా తీర్మానం నేను రాయాలి. ఇంకో దేశం సంతకం పెట్టి బలపరిస్తేనే అది చర్చకొస్తుంది.

మా చుట్టాలందరి అర్జీలూ నాన్నే రాసేవాడు. విని విని నాకూ అదే ధోరణి అబ్బింది. "మహారాజశ్రీ అధ్యక్షులవారి దివ్య సముఖమునకు" అని మొదలుపెట్టి, "ఈ అభాగ్యులను స్వస్థలములకు పోనిచ్చుటకు దయతో అనుమతి ఇప్పించవలసినదిగా ప్రార్థన" అని ముగించాను. అచ్చం నాన్న రాసినట్టే ఉందని మురిసిపోయాను కూడా.

సంతకం కోసం తిరిగితే విమల "చూద్దాంలే" అంది. మిగతావాళ్ళు ఆ మాటా అనలేదు. కాగితం పట్టుకుని కాలేజీ మెట్ల మీద కూర్చున్నాను. ఇంక గుంటూరే గతి అనుకుంటుంటే ఏడుపు ముంచుకొచ్చింది. అప్పుడు అహల్య వచ్చి చేతిలోంచి కాగితం లాక్కుంది. వాళ్ళది తరాలుగా నాంపల్లి. ఉద్యమంలో జెండా పట్టుకుని తిరిగిన పిల్ల. ఇప్పుడు ఇదొకటా దేవుడా అనుకున్నాను.

చదివి పకపకా నవ్వింది. "గిదేందే తల్లీ! దేశం తరఫున తీర్మానం రాసినవా, తాసీల్దారుకు అర్జీ పెట్టినవా?"

"నవ్వకు. సంతకం పెట్టకపోతే మానెయ్, ఇలా ఇచ్చెయ్."

"జర ఆగు." నవ్వు ఆపేసింది. "వాళ్ళ ఇంటికి వాళ్ళు పోతున్రు. దానికి దయేంది, ప్రార్థనేంది? ఎవర్ని అడుక్కుంటున్నవ్ నువ్వు?"

ఆ ప్రశ్న నా దేశానికి కాదు, నాకే తగిలింది.

ఇద్దరం అక్కడే కూర్చుని తిరగరాశాం. మహారాజశ్రీ పోయాడు, అభాగ్యులూ పోయారు. 'ప్రార్థన' మీద అహల్యే అడ్డంగా గీత కొట్టింది. "తిరిగి వచ్చుట వారి హక్కు. వారి ఇళ్ళు వారివే" అని రాయించి, కింద సంతకం పెట్టేసింది.

"మీవాళ్ళు ఏమైనా అంటారేమోనే," అన్నాను.

"అంటే అననీ. నేను జెండా పట్టింది మా కొలువుల కోసం. నిన్ను ఎల్లగొట్టనీకి కాదు."

సభ రోజు నాన్న వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. అహల్య లేచింది. "వాళ్ళను రానిస్తమని చెప్పనీకి నేను లేవలేదు. రమ్మని పిలువనీకి లేచిన. వాళ్ళు లేక మా గల్లీలు బోసిపోయినయ్," అంది. హాలంతా ఒకటే చప్పట్లు. తీర్మానం నెగ్గిందనుకుంటున్నారా? పెద్ద దేశాలకు సారు వీటో ఇచ్చారు, విమలది పెద్ద దేశం. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు, ఉత్త సరదాకి వాడిపారేసింది! మా తీర్మానం గంగలో కలిసింది.

బయటికొచ్చాక నాన్న దగ్గరికి వెళ్ళాను. "నాన్నా, ఓడిపోయింది," అన్నాను. ఆయన అహల్యనే చూస్తున్నాడు.

అది ఊరుకుంటేనా! "అంకుల్, మా అమ్మ చాయ్ తాగి పొమ్మన్నది. గీడనే మా ఇల్లు, రాండ్రి," అని ముందు నడిచింది. నాన్న మొహమాటపడుతూనే వెనకాల నడిచాడు. ఇన్నేళ్ళలో ఈ ఊరివాళ్ళ ఇంట కాలు పెట్టి ఎరగడు మా నాన్న.

అహల్య వాళ్ళమ్మ విద్యావతి గారు చాయ్ అందిస్తూ, "అన్నా, మీది ఏ ఊరు?" అని అడిగారు.

ఎవరడిగినా "తెనాలండీ" అనడమే నేను ఎప్పుడూ విన్నది. నాన్న కప్పు కింద పెట్టాడు.

"హిమాయత్‌నగరమ్మా," అన్నాడు.

ఏడ్చేశాను. సిగ్గెందుకు, అందరి ముందరే ఏడ్చాను. అహల్య రుణం ఈ జన్మకు తీరేది కాదు. టీసీ మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.