నూటికి పది

చిన్న కొట్లకు తక్కువ, పెద్ద కొట్లకు ఎక్కువగా ఉన్న పన్ను తీసేసి, మున్సిపాలిటీ అందరికీ రాబడిలో నూటికి పది అన్నప్పుడు బిల్లు కలెక్టరుకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఆ మాటే సైకిలు షాపు నడిపే బావతో అన్నాడు.

"నగల కొట్టాయనకీ పదే, నీకూ పదే. ఇంకేం కావాలి బావా?"

బావ ట్యూబును నీళ్ళలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. "ఆయన పది తీస్తే కొత్త కారు ఓ ఏడాది ఆగుతుంది. నేను తీస్తే పొయ్యి ఆగుతుంది. రెండు పదులూ ఒకటేనంటావా?"

బిల్లు కలెక్టరు నవ్వి సైకిలెక్కాడు.

వసూళ్ళు మొదలయ్యాయి. బజారులోని నగల కొట్టాయన పన్ను సగానికి సగం తగ్గింది. కుర్చీ వేయించి, కూల్‌డ్రింకు తెప్పించి మరీ కట్టాడు. రిపేరు కొట్ల వీధిలో రెండింతలైంది. అయినా అక్కడ ఎవరూ గొంతు పెంచలేదు. ఒక్కరూ బతిమాలలేదు. బిల్లు కలెక్టరు వీధి మలుపు తిరగగానే సుత్తుల చప్పుడు ఆగిపోయేది. వెళ్ళేదాకా అందరూ అతని చేతులకేసి చూసేవాళ్ళు.

"ఆ వీధిలో ఎవరూ గొడవ పడటం లేదు సార్," అని ఆఫీసరుతో చెప్పాడు.

"మంచిదేగా."

"అదే భయంగా ఉంది సార్."

ఆఫీసరు తల ఎత్తకుండానే బాకీ ఉన్న కొట్లకు సీలు వేయమన్నాడు. మొదటిది బావదే.

బిల్లు కలెక్టరు లక్క కరిగించి పోస్తుంటే తాళం కదిలిపోతోంది. బావే వచ్చి తాళం కదలకుండా పట్టుకున్నాడు. "కానీ. నీ చేతిలో ఏముంది," అన్నాడు మెల్లగా. తిట్టినా బాగుండుననిపించింది.

సీలు ఆరకముందే పక్క కొట్టువాడు తన షట్టరు తనే దించేశాడు. తర్వాత ఆ పక్కవాడు. వీధి చివరిదాకా షట్టర్లు ఒకదాని వెంట ఒకటి దిగాయి. మనుషులు మాత్రం ఇళ్ళకు పోలేదు. పనిముట్లు చేతుల్లోనే ఉంచుకుని బజారు వైపు నడిచారు.

"ఎక్కడికి బావా?"

"మాట్లాడటానికి. నువ్వింటికి పో. చెల్లి ఒక్కతే ఉంటుంది."

అతను పరుగులాంటి నడకతో ఇల్లు చేరి, భార్యను తలుపు గడియ పెట్టమన్నాడు. ఆవిడ సంగతంతా విని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"మా అన్నయ్య ఆ గుంపులో ఉంటే గడియ పెట్టమంటారేమిటి?" అంటూ బయటికి నడిచింది.

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. బజారు వైపు నుంచి అద్దం పగిలిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఎంతసేపటికీ ఏ అరుపూ వినిపించలేదు.