లక్ష్మి కింద మ ఒత్తు

లక్ష్మి మళ్లీ విరిగింది. కరిముల్లా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, స్క్రీనుకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశాడు. 'క్ష' కింద ఉండాల్సిన మ ఒత్తు పక్కనున్న ఖాళీలోకి జారి కూర్చుంది. మిషను కోసిన ఎర్ర రేడియం స్టిక్కరు మీంచి ఆ ఒత్తును బ్లేడుతో లేపి, వేలి కొసన మోసుకొచ్చి, దాని చోట అంటించాడు.

ఆటోనగర్‌లో రోజుకు పది లారీల మీదైనా లక్ష్మి పేరు అంటించాలి. పోయిన నెల విరిగినదొకటి అతని కన్నుగప్పి వెళ్లిపోయింది. లారీ యజమాని దుర్గాప్రసాద్ తిరిగొచ్చి, "లక్ష్మి విరిగిన బండి లోడుకెట్టా పోద్దయ్యా?" అని వీధంతా వినబడేలా అరిచాడు. స్టిక్కర్ల షాపు ఓనరు హనుమయ్య ఆ సాయంత్రం మెల్లిగా అన్నాడు.

"ఇంకోసారి ఇట్టా అయితే డబ్బు పెట్టి వేరే సాఫ్ట్‌వేర్ కొంటా. అది వచ్చినోణ్ణి పెట్టుకుంటా. తర్వాత నన్ననుకోవద్దు."

కరిముల్లాకు యాభై నాలుగేళ్లు. అతని వేళ్లకు ఈ సాఫ్ట్‌వేర్ కీబోర్డొక్కటే వచ్చు. ఈ పనికి ముందు ఇరవై ఏళ్లు గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చాడు. తొంభై ఆరులో ఒక పొద్దున వెళ్లేసరికి అరలన్నీ ఖాళీ. అ నుంచి ఱ దాకా కిలోల లెక్కన పాతసామాన్లవాడికి వేసేశారు. తొమ్మిదేళ్లయినా ఆ ఖాళీ అరలు కలలోకొస్తాయి. అక్షరాలకు ఓనరు ఒక్కడే అయితే ఏ పొద్దునైనా అవి పోతాయి.

ఇప్పటివి శౌరయ్యగారివి. హనుమాన్ జంక్షన్‌లో ఉండే ఆ రిటైరైన లెక్కల మాస్టారు తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసి, లోపలి ప్రోగ్రాముతో సహా ఊరికే పంచిపెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చు, దిద్దుకోవచ్చు. ఊరికే వచ్చింది ఊరికే పోతుందని కరిముల్లా బెంగ. అందుకే నాలుగేళ్లుగా ప్రతి నెలా ఆయనకు యాభై రూపాయల మనియార్డరు. "దర్గాకి మొక్కా?" అని భార్య జమాల్ బీ వెక్కిరించేది. మొక్కే మరి. పంపుతున్నంతకాలం ఆ అక్షరాల్ని ఎవరూ అమ్మెయ్యరని అతని నమ్మకం. ఆయనతో ఎన్నడూ మాట్లాడలేదు. ఫారం అడుగున ఉండే కాస్త జాగాలో ఒక ముక్క రాసేవాడు, అంతే. మే నెలలో, "అయ్యా, లక్ష్మి విరుగుతోంది. నా ఉద్యోగం పోయేట్టుంది," అని రాశాడు.

డబ్బు ముట్టినట్టు ఆయన సంతకంతో రసీదు వారంలో వచ్చేది. జూన్‌ది మాత్రం రాలేదు. సైకిల్ బెల్లు మోగితే చాలు, కరిముల్లా బ్లేడు పక్కన పెట్టి గుమ్మంలోకి వస్తున్నాడు.

పదకొండున్నరకు పోస్ట్‌మాన్ రత్తయ్య వచ్చాడు. రసీదు కాదు, యాభై రూపాయల నోటు చేతిలో పెట్టాడు. "తిరిగొచ్చిందండీ. ఆయన పోయారంట," అని సంతకం చేయించుకుని, ఒక కవరు కూడా ఇచ్చి వెళ్లాడు.

కరిముల్లా ముందు కంప్యూటరు వైపే చూశాడు. మనిషి పోతే ఇదా చూసేది అని సిగ్గేసింది. అయినా ఆగలేకపోయాడు. అ కొట్టాడు, వచ్చింది. ఒక్కొక్కటే ఱ దాకా కొట్టాడు. అన్నీ ఉన్నాయి. అప్పుడు ఏడుపొచ్చింది.

కవరులో ఒక సీడీ, ఒక చీటీ. "నేను శౌరయ్యగారి భార్య అమలమ్మను. ఆసుపత్రికి వెళ్లేముందు రెండు రోజులు కూర్చుని ఇది చేశారు. మీకు పంపమన్నారు. అడిగినవాళ్లకి మీరూ ఇవ్వండి."

సీడీ ఎక్కించి, లక్ష్మి కొట్టాడు. ఒత్తు కదల్లేదు. మిషను కోసింది. అప్పుడూ కదల్లేదు. హనుమయ్య వచ్చి వేలితో రుద్ది చూశాడు.

"బానే ఉందే! మరి ఆయన పోయాక ఇదెవరిదయ్యా?"

"ఇప్పటికి నా దగ్గరుందండీ. ఈ వీధిలో షాపులన్నిటికీ ఇస్తానండీ."

"మన పోటీవాళ్లకా?"

"నాలుగు చోట్ల ఉంటే ఒకరు అమ్మేసినా పోదండీ," అన్నాడు కరిముల్లా. హనుమయ్య ఏదో గొణుక్కుంటూ లోపలికెళ్లాడు.

తిరిగొచ్చిన యాభైకి ఐదు ఖాళీ సీడీలు వచ్చాయి. షాపు కట్టేసే వేళకు వాటి మీద తీసిన కాపీలు ఐదు షాపులకు చేరాయి. బల్ల మీద శౌరయ్యగారిది మిగిలింది. దాని మీద నీలం ఇంకుతో, అక్షరాలు కాస్త వణుకుతూ, "లక్ష్మి ఇక విరగదు, కరిముల్లాగారూ."