తొంభై ఒక్క కిలోలు

బరువు దించుకోవడానికి బాక్సర్లు పడే పాట్లు అందరికీ తెలుసు. ఉప్పు మానేస్తారు, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని స్కిప్పింగ్ చేస్తారు, ఆఖరికి గ్లాసులో ఉమ్మి ఒంట్లో తడి కూడా తగ్గించుకుంటారు. మా తమ్ముడు పడ్డ పాట్లు వేరు. వాడు పద్నాలుగేళ్ళు తిన్నాడు. తినడం కూడా ఒక కష్టమేనా అని నవ్వినవాళ్ళని చాలామందిని చూశాను. ఆకలి లేకుండా రోజుకి ఆరుసార్లు తిని చూడండి, తరవాత నవ్వుదురుగాని.

వండి పెట్టింది నేను. అందుకే ఇది చెప్పాల్సింది కూడా నేనే.

నేను ఆస్పత్రి వంటింట్లో పనిచేస్తాను. మా దగ్గర రెండు పెద్ద గిన్నెలుంటాయి, వాటికి రెండు గరిటెలు. ఎర్ర పిడి గరిటె ఒళ్ళు చెయ్యాల్సిన రోగుల గిన్నెలోది, నీలం పిడిది ఒళ్ళు తగ్గాల్సినవాళ్ళ గిన్నెలోది. రెంటిలోనూ ఉండే జావ చూడ్డానికి ఒకటే. మొదటిదాంట్లో చిక్కటి పాలు, వెన్న, పచ్చసొన ఉంటాయి. రెండోదాంట్లో మీగడ తీసిన పాలు, సగానికి సగం నీళ్ళు, పల్చన తెలియకుండా కాస్త పిండి. పక్క మంచంవాడికి ఎక్కువ పెట్టారని, నాకు తక్కువ పెట్టారని రోగులు గొడవ చేస్తారు కాబట్టి తేడా తెలియకుండా వండాలి. ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం అదే.

అమ్మ పోయేనాటికి తమ్ముడికి పదకొండేళ్ళు. నాకప్పటికే పెళ్ళయింది. వాణ్ణి మా ఇంటికే తెచ్చుకున్నాను. నోట్లో నాలుక లేని పిల్లాడు. చొక్కా బిగుతైతే బిగుతైందని చెప్పడు, ఊపిరి బిగబట్టుకుని తిరుగుతాడు. టైర్ల గోడౌన్లో పనికి కుదిరాక, గోడౌన్ వెనక షెడ్డులో బాక్సింగ్ నేర్పే మాస్టారి దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆయనే వాడికి గున్న అని పేరు పెట్టారు. గున్న ఏనుగులా ఉన్నాడని కాదు, గున్న ఏనుగులా చెప్పిన మాట వింటాడని.

వాడికి పంతొమ్మిదేళ్ళప్పుడు క్లబ్బుల పోటీలొచ్చాయి. ఒక్కో బరువులో ఒక్కో మనిషిని దింపాలి. హెవీవెయిట్‌లో మాస్టారికి మనిషి లేడు. మనిషి లేకపోతే ఆ పాయింట్లు అవతలి క్లబ్బుకి అప్పనంగా పోతాయి. మావాడు డెబ్బై తొమ్మిది కిలోలు. హెవీకి ఎనభై ఒకటి దాటాలి.

"గున్నా, ఈ ఒక్కసారికి నువ్వు హెవీలోకి పోరా" అన్నారు మాస్టారు.

"సరే మాస్టారూ" అన్నాడు వీడు. అంతే. వాడి బతుకంతా ఆ రెండు మాటల్లో నడిచింది.

తూకం రోజు పొద్దున డజను అరటిపళ్ళు తిన్నాడు. తరవాత కుళాయి దగ్గర నిలబడి, పొట్ట డోలు అయ్యేదాకా నీళ్ళు తాగాడు. చుట్టూ మిగతా కుర్రాళ్ళు నీళ్ళచుక్క నాలుక మీద పడకుండా కూచుని వీణ్ణి చంపేసేలా చూశారట. కాటా ఎనభై ఒకటీ రెండు వందల గ్రాములు చూపించింది. మావాడు కాటా మీంచి దిగి, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని పరుగెత్తిన చోటు ఎక్కడో నేను చెప్పక్కర్లేదు.

ఊరు మొత్తానికి హెవీవెయిట్లు ముగ్గురే. అందులో ఒకడు జ్వరమొచ్చి రాలేదు. అలా ఒక్క దెబ్బ కొట్టకుండా, ఒక్క దెబ్బ తినకుండా మా తమ్ముడు ఫైనల్‌కి వెళ్ళిపోయాడు. ఫైనల్లో వాడి ముందున్న మనిషి వీడికి ఒకటిన్నర ఉన్నాడు. కాని వీడి కాళ్ళు తేలిక. ఆ మనిషి వీడి వెంట తిరిగి తిరిగి రెండో రౌండుకే వగర్చాడు. మూడో రౌండులో వీడు గెలిచాడు.

మాస్టారు కప్పు పట్టుకుని ఇంటికొచ్చారు. "అమ్మాయ్, వీడికి నువ్వు తిండి పెట్టు. మిగతాది నేను చూసుకుంటా" అన్నారు. నేనెంత పొంగిపోయానో చెప్పలేను. తల్లి లేని పిల్లాడికి ఒక దారి దొరికిందనుకున్నాను. ఆ వారమే ఎర్ర గరిటె వంట మా ఇంట్లోకొచ్చింది.

పొద్దున లేవగానే ఆరు గుడ్లు, లీటరు పాలు. వ్యాయామం అయ్యాక వెన్న వేసిన జావ. మధ్యాహ్నం కోడి మాంసం, ఉడికించిన బంగాళాదుంపలు. మూడింటికి మళ్ళీ జావ. చీకటి పడ్డాక మళ్ళీ మాంసం, రొట్టె. పడుకునే ముందు మళ్ళీ పాలు. వాడు కంచం ముందు కూచుని ముద్ద ముద్దకీ మధ్య కిటికీలోంచి బయటికి చూసేవాడు. లెక్కలు రాని పిల్లాడు పలక ముందు కూచున్నట్టు ఉండేది. మా ఆయన బస్సు కండక్టరు, నోరు ఊరుకోదు.

"ఏమిటోయ్, తమ్ముడికి వంట చేస్తున్నావా, ఇల్లు కడుతున్నావా?" అనేవాడు.

"ఇల్లే కడుతున్నాను. మీరు కాస్త ఇటుకలు అందించండి" అనేదాన్ని, గుడ్ల బుట్ట చూపించి.

అమెచ్యూర్‌గా ఉన్న ఆరేళ్ళూ బాగానే గడిచాయి. మూడు రౌండ్లు, తలకి తొడుగు, చేతులకి లావాటి గ్లోవ్స్. గెలిస్తే పతకం, ఓడితే కరచాలనం. మా ముందుగదిలో మేకులకి ఏడు పతకాలు వేలాడాయి. అప్పుడు మాస్టారు వాణ్ణి ప్రొఫెషనల్ చేద్దామన్నారు. ఇక్కడ హెవీకి తొంభై ఒకటి ఉండాలి. తలకి తొడుగుండదు, గ్లోవ్స్ చిన్నవి, రౌండ్లు పది. "సరే మాస్టారూ" అన్నాడు వీడు. నేను గుడ్లు పదికి పెంచాను.

మొదటి పది పోటీల్లో తొమ్మిది గెలిచాడు. అప్పటిదాకా వచ్చినవాళ్ళు కూడా మావాడిలాంటివాళ్ళే, ఏదో ఒక రకంగా బరువు కూడేసుకున్నవాళ్ళు. ఆ తరవాత అసలైనవాళ్ళొచ్చారు. నూట ఐదు, నూట పది. వాళ్ళు పుట్టుకతో బరువు. వీడు నా వంటతో బరువు. ఆ తేడా కాటాకి తెలియదు, దెబ్బకి తెలుస్తుంది. పైగా నేను పెంచిన ఒళ్ళు వాడి కాళ్ళలో ఉన్న తేలికని మింగేసింది. ఒకప్పుడు తప్పించుకునేవాడు, ఇప్పుడు నిలబడి తింటున్నాడు. రింగులోనూ తినడమే, ఇంట్లోనూ తినడమే.

ముప్పై రెండొచ్చేసరికి వాణ్ణి పైకి రావాల్సిన కుర్రాళ్ళ ముందు నిలబెట్టడానికి పిలిచేవాళ్ళు. వీడి మీద గెలిచి వాళ్ళు పేరు తెచ్చుకోవాలి. వీడు మాత్రం ఎంత కొట్టినా పడడు. జనం అది ధైర్యమన్నారు. నేను పెంచాను కాబట్టి నాకు తెలుసు. పడిపోవడానికి కూడా వాడికి మొహమాటమే.

ఒకరోజు టీ తాగి గ్లాసు బల్ల మీద పెట్టబోయి, బల్లకి జానెడు ఇవతల గాలిలో పెట్టాడు. గ్లాసు పగిలింది. వాడు బల్లకేసి, నాకేసి చూసి నవ్వాడు. ఆ వారంలోనే "బావ ఇంకా రాలేదా?" అని గంటలో మూడుసార్లు అడిగాడు. బావ వాడి పక్కనే కూచుని చెప్పులు కుట్టుకుంటున్నాడు.

మా ఆస్పత్రిలో నరాల డాక్టరమ్మకి చూపించాను. ఆవిడ తల ఫోటోలు తీయించి, వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. "ఇక ఒక్క పోటీ కూడా వద్దు. ఈసారి గట్టి దెబ్బ తగిలితే మనిషి మిగిలినా మాట మిగలదు" అంది. తమ్ముడు బస్సు వేళలు విన్నట్టు విన్నాడు.

బయటికొచ్చాక "ఒకటి ఒప్పుకున్నానక్కా. మాస్టారు మాటిచ్చేశారు. అదయ్యాక చూద్దాం" అన్నాడు.

"అదయ్యాక" అని వాడు అంతకుముందు నాలుగుసార్లు అన్నాడు. ఈసారి అవతలివాడు ఇరవై మూడేళ్ళవాడు, నూట పన్నెండు కిలోలు.

ఆ ఫోటోలు తీసుకుని పోటీలు నడిపే సంఘం ఆఫీసుకి వెళ్ళాను. అవి బాక్సర్ స్వయంగా తెచ్చివ్వాలన్నాడు గుమాస్తా. మాస్టారి దగ్గరికి వెళ్ళాను. షెడ్డులో కుర్చీలో కూచుని మోకాళ్ళకి మందు రాసుకుంటున్నారు. ఆయన కూడా ముసలివాడైపోయారు. అరుద్దామని వెళ్ళినదాన్ని, ఫోటోలు ఆయన చేతిలో పెట్టి డాక్టరమ్మ అన్నమాట చెప్పాను.

"వాడు వద్దంటే నేను ఒక్కమాట అననమ్మా. కాని వాడి నోటితో వద్దనమను. ఇన్నేళ్ళలో వాడు నాకు ఒక్కసారి కూడా వద్దని చెప్పలేదు" అన్నారు.

అది నిజమే. నాకూ చెప్పలేదు.

ఇంటికొచ్చి గిన్నె పొయ్యి మీద పెట్టాను. తొంభై ఒకటి లేకపోతే హెవీలో దిగనివ్వరు. వాడు అప్పుడు తొంభై నాలుగు. పోటీకి ఆరు వారాలుంది. పాలలో మీగడ తీశాను, సగం నీళ్ళు కలిపాను, పల్చన తెలియకుండా పిండి కలిపాను. వెన్న మానేశాను. కోడి తోలు తీసేశాను. ఇరవై రెండేళ్ళు నేర్చుకున్న విద్య నా తమ్ముడి మీద ప్రయోగించాను. మోసం చేస్తున్నానని తెలుసు. చేస్తూనే ఉన్నాను.

మా ఆయన నాలుగో రోజే కనిపెట్టాడు. "ఇల్లు కూలగొడుతున్నావా?" అన్నాడు.

"అవును" అన్నాను. ఆయన మళ్ళీ ఆ ఇంటి మాట ఎత్తలేదు.

తూకం మధ్యాహ్నం మూడింటికి. పెద్ద హాలు, మధ్యలో కాటా, నలుగురు పత్రికలవాళ్ళు, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. ఎప్పుడు తూకానికి వెళ్ళినా నా చేతిలో తిండి సంచి ఉంటుంది. ఆరోజు ఖాళీ చేతులతో వెళ్ళాను. నూట పన్నెండు కిలోల కుర్రాడు కాటా ఎక్కి కండలు చూపించాడు. వాడి వాళ్ళు చప్పట్లు కొట్టారు. తరవాత మావాడు ఎక్కాడు.

తొంభై. పైన వంద గ్రాములు.

సంఘం మనిషి కాటా సరిచేసి మళ్ళీ ఎక్కమన్నాడు. మళ్ళీ అంతే. "గంట టైముంది. తొమ్మిది వందల గ్రాములు తెచ్చుకుంటే సరి. లేదా రద్దు" అన్నాడు.

నా ప్రాణం ఉసూరుమంది. ఆరు వారాలు దొంగలా వండి నేను సంపాదించింది ఒక్క సీసా నీళ్ళంత. ఇంకో నాలుగు రోజులు ముందే మొదలుపెట్టి ఉంటే! మాస్టారు కుంటుకుంటూ వెళ్ళి లీటరు నీళ్ళ సీసా తెచ్చారు.

"కంగారేం లేదురా గున్నా. మొదటిసారి కుళాయి దగ్గర తాగలేదూ? ఇదంతా తాగక్కర్లేదు కూడా. కానియ్."

తమ్ముడు సీసా అందుకున్నాడు. మూత తీశాడు. నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. వాడు సీసాలోకి చూశాడు, తల తిప్పి నాకేసి చూశాడు. మళ్ళీ మూత పెట్టి బిగించాడు.

"దాహం లేదు మాస్టారూ."

"దాహానికేమిట్రా, కాటా కోసం తాగు."

"వద్దు మాస్టారూ."

చాలా మెల్లిగా అన్నాడు. మాస్టారు వాడి మొహంలోకి చూశారు. తరవాత ఆ సీసా తనే తీసుకుని, పక్క కుర్చీలో కూలబడి, మూత తీసి తాగడం మొదలుపెట్టారు. మధ్యలో ఒకసారి చేత్తో కళ్ళు తుడుచుకున్నారు. గంట అలాగే గడిచింది. సంఘం మనిషి కాగితం మీద అడ్డగీత గీశాడు.

ఇంటికి నడిచే వచ్చాం. బస్సు ఎక్కుదామంటే వద్దన్నాడు. ఒక్క పూటలో రెండుసార్లు వద్దనడం, పుట్టి బుద్ధెరిగాక వాడికి అదే మొదలు. రెండు వీధులు దాటాక అడిగాడు.

"పాలు పల్చబడి ఎన్నాళ్ళయిందక్కా?"

"ఆరు వారాలు."

"అయిదనుకున్నాను."

"తెలిసి ఎందుకు తాగావురా?"

"నువ్విచ్చావు కదా" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

నాకు ఏడుపు ఆగలేదు. వాడు చిక్కటి పాలూ అందుకే తాగాడు, పల్చటి పాలూ అందుకే తాగాడు. పద్నాలుగేళ్ళు నేను పెట్టింది తిన్నాడు, మాస్టారు చూపించిన చోట దెబ్బలు తిన్నాడు. మేమిద్దరం వాణ్ణి ప్రేమించాం, అందులో అబద్ధం లేదు. కాని ఏం కావాలని మాత్రం ఎవరమూ అడగలేదు.

వాడు పేవ్‌మెంట్ మీద ఆగిపోయాడు. చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, అక్కడ కొత్తదేదో తగిలినట్టు చూసుకున్నాడు.

"అక్కా, ఆకలేస్తోంది."

ఇంటికెళ్ళగానే గుడ్లు ఉడకబెడతానని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"ఏం తింటావు?"

వాడు ఆలోచించాడు. మా వెనక జనం ఆగి, విసుక్కుని, పక్కనుంచి దాటిపోయారు. వాడింకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

"తొందరేం లేదులే" అన్నాను.